పబ్లికేషన్ కొనకండి... జర్నల్ చదవడం నేర్చుకోండి

కెమిస్ట్రీ, ఫార్మసీ, బయోటెక్ ఫైనలియర్ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతూనే ఉంటుంది. ‘ఇంటర్నేషనల్ జర్నల్లో మీ పేపర్. మూడు రోజుల్లో పబ్లికేషన్. సర్టిఫికెట్ గ్యారంటీ.’ కింద ఒక ఫోన్ నంబరు, డబ్బు పంపడానికి క్యూఆర్ కోడ్. క్యాంపస్ డ్రైవ్‌లు దగ్గర పడేకొద్దీ ఈ మెసేజ్‌లు ఎక్కువవుతాయి. రెజ్యూమెలో ‘పబ్లికేషన్స్’ అని ఒక గడి ఉంటుంది కదా, అది ఖాళీగా ఉంటే ఎలా అనే భయం మీది. ఆ భయమే వాళ్ల వ్యాపారం.

సూటిగా చెప్తున్నా. ఆ డబ్బు కట్టకండి. డిగ్రీ, బీఫార్మసీ, ఎమ్మెస్సీ స్థాయిలో ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు పేపర్ ‘వేయించడం’ కంటే పేపర్ ‘చదవడం’ పది రెట్లు పనికొస్తుంది. వేయించడానికి వేలు కావాలి. చదవడానికి ఫోన్ చాలు.

నాది కెమిస్ట్రీ కాదు. ఇంజినీరింగ్ చదివి టెక్ బ్లాగు రాస్తుంటాను. మాది ఝరాసంగం. ఇక్కడి నుంచి జహీరాబాద్ వెళ్లి ముంబయి హైవే ఎక్కితే సదాశివపేట, సంగారెడ్డి, కంది దాటాక పాశమైలారం, పటాన్‌చెరు. అటు పక్క బొల్లారం, జిన్నారం. మన పిల్లల్లో కెమిస్ట్రీ చదివినవాళ్లు మొదట రెజ్యూమె పట్టుకెళ్లేది ఆ ఫార్మా కంపెనీల గేట్ల దగ్గరికే. కాబట్టి ఈ మాట ముందుగా వాళ్ల కోసం.

వందేళ్లు దాటిన మన పేపర్

‘జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ’ అనే పత్రిక 1905లో అమెరికాలో మొదలైంది. ఇప్పటికీ వస్తోంది. దాని 1925 నాటి 66వ సంపుటం, 375వ పేజీలో ఒక పేపర్ మొదలవుతుంది. భాస్వరాన్ని రంగు సాయంతో కొలిచే పద్ధతి అది. రాసినవాళ్లు ఇద్దరు. ఒకరు సైరస్ ఫిస్క్. రెండో ఆయన యల్లాప్రగడ సుబ్బారావు. మన భీమవరంలో 1895లో పుట్టిన సుబ్బారావే.

సుబ్బారావు గురించి మీరు స్కూల్లో చదివే ఉంటారు. మెట్రిక్ తప్పారు, మూడోసారికి గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకున్నందుకు ఎంబీబీఎస్ రాలేదు, దానికంటే తక్కువ స్థాయి ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. 1920ల మొదట్లో బోస్టన్ చేరి, ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేస్తూ చదువుకున్నారు. ఫోలిక్ యాసిడ్, మెథోట్రెక్సేట్‌కు దారి వేసిన మందులు, ఆరియోమైసిన్, బోదకాలుకు వాడే డీఈసీ మాత్ర, ఇవన్నీ తర్వాతి రోజుల్లో ఆయన నడిపించిన పరిశోధనల్లోంచి వచ్చినవే. ఇదంతా మనం గర్వంగా చెప్పుకుంటాం. కానీ ఆయన రాసిన ఒక్క పేపర్‌నైనా తెరిచి చూసినవాళ్లు మనలో ఎంతమంది? ఆ పేపర్ ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. ఆ జర్నల్ పాత సంచికలన్నీ ఎవరైనా చదవచ్చు.

అందులో ఉన్న విషయం బీఎస్సీ విద్యార్థికి అర్థం కానిదేమీ కాదు. యాసిడ్ సమక్షంలో ఫాస్ఫేట్‌కు అమోనియం మాలిబ్డేట్ కలిపితే ఒక సమ్మేళనం ఏర్పడుతుంది. దాన్ని క్షయకరణం చేస్తే నీలి రంగు వస్తుంది. భాస్వరం ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కన. ఆ రంగును తెలిసిన ద్రావణం రంగుతో పోల్చి లెక్క కడతారు. ఈ నీలి రంగు ఆలోచన వాళ్లతో మొదలైంది కాదు. అంతకుముందే బెల్, డాయిజీ అనే ఇద్దరు, ఆ తర్వాత బ్రిగ్స్ అనే ఆయన హైడ్రోక్వినోన్ వాడి చేశారు. ఫిస్క్, సుబ్బారావు దాని బదులు అమైనోనాఫ్తాల్ సల్ఫోనిక్ యాసిడ్ వాడారు. రంగు త్వరగా వచ్చింది. ఇతర పదార్థాలు అడ్డుపడటం తగ్గింది.

చూశారా, ఒక రియేజెంట్ మార్చారు. మార్చి ఊరుకోలేదు. ఎందుకు మార్చారో, పాతదాంట్లో ఇబ్బంది ఏంటో, కొత్తది ఎంతవరకు నమ్మొచ్చో రాసి పెట్టారు. ఇంకో ఊళ్లో, ఇంకో ల్యాబ్‌లో, వాళ్ల ముఖం కూడా తెలియని మనిషి చదివి అదే పని చేయగలిగేలా రాశారు. అందుకే ‘ఫిస్క్-సుబ్బారావు పద్ధతి’ వందేళ్లుగా బయోకెమిస్ట్రీ ల్యాబ్‌ల్లో బతికి ఉంది. మన పొలాల మట్టిలో భాస్వరం ఎంతుందో చూసే భూసార పరీక్షల్లోనూ ఇదే కుటుంబానికి చెందిన మాలిబ్డినం నీలం పద్ధతులే వాడతారు. మీ నాన్న చేతిలో ఉన్న భూసార కార్డులో ‘భాస్వరం’ అనే వరుస వెనక ఉన్న కెమిస్ట్రీ ఇదే.

రంగు ఆలస్యమైంది... దాచలేదు

అసలు కథ ఆ తర్వాత ఉంది. ఇదే పద్ధతిని కండరాల నుంచి తీసిన ద్రావణం మీద వాడినప్పుడు రంగు రావాల్సినంత వేగంగా రాలేదు. మెల్లమెల్లగా పెరుగుతూ పోయింది. మామూలుగా అయితే ఏమనుకుంటాం? రియేజెంట్ పాడైందనో, టెస్ట్ ట్యూబ్ సరిగ్గా కడగలేదనో అనుకుంటాం. రీడింగ్ సర్దేసి రికార్డు రాసేస్తాం. మన ప్రాక్టికల్ రికార్డులు ఎలా తయారవుతాయో మనకు తెలియంది కాదు. ముందు గ్రాఫ్ గీస్తాం, తర్వాత పాయింట్లు పెడతాం!

వాళ్లు అలా వదిలేయలేదు. రంగు ఎందుకు ఆలస్యమవుతోందని వెంటపడ్డారు. కండరంలో ఏదో భాస్వర సమ్మేళనం ఉంది, అది యాసిడ్‌లో మెల్లగా విడిపోతోంది, విడిపోయిన కొద్దీ రంగు పెరుగుతోంది అని తేలింది. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ‘సైన్స్’లో చిన్న పేపర్‌గా, 1929లో ‘జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ’లో వివరంగా ప్రకటించారు. 1929లోనే ఏటీపీని కూడా గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ విడిగా అదే కనిపెట్టారు. మీ టెక్స్ట్‌బుక్‌లో కండరం ఎలా పనిచేస్తుందో చెప్పే పాఠంలో సగం ఈ ‘తేడా కొట్టిన రీడింగ్’ పెట్టిన భిక్షే.

దీంతో ఉద్యోగం వస్తుందా?

న్యాయమైన ప్రశ్న. జర్నల్ చదివితే ఆఫర్ లెటర్ వస్తుందని చెబితే నేనూ ఆ క్యూఆర్ కోడ్ వాడిలాంటివాడినే అవుతాను. రాదు. కానీ ఫార్మా కంపెనీలో క్వాలిటీ కంట్రోల్, క్వాలిటీ అష్యూరెన్స్, ఆర్ అండ్ డీ పనులు ఏంటో ఒకసారి చూడండి. ఒక పద్ధతి చదవాలి. చదివింది చదివినట్టు చేయాలి. చేసింది చేసినట్టు రాయాలి. ఫలితం హద్దు దాటితే ‘ఔట్ ఆఫ్ స్పెసిఫికేషన్’ అని నమోదు చేసి, కారణం వెతకాలి. మంచి రిజల్ట్ వచ్చేదాకా మళ్లీ మళ్లీ ఇంజెక్ట్ చేసి, బాగున్నది ఒక్కటే ఉంచుకుంటామంటే కుదరదు. అమెరికా ఎఫ్‌డీఏ తనిఖీల్లో చించేసిన రికార్డులు, డిలీట్ చేసిన క్రోమటోగ్రామ్ ఫైళ్లు దొరికి, కంపెనీలకు వార్నింగ్ లెటర్లు వచ్చిన సందర్భాలు ఉన్నాయి. ఒక్క ఉద్యోగి సర్దిన రీడింగ్ ఒక ప్లాంటు ఎగుమతుల్నే ఆపగలదు.

పద్ధతి వ్యాలిడేషన్ గురించి ఇంటర్వ్యూలో అడుగుతారు. లీనియారిటీ, యాక్యురసీ, ప్రెసిషన్, స్పెసిఫిసిటీ, ఎల్ఓడీ, ఎల్ఓక్యూ, రోబస్ట్‌నెస్. వీటి నిర్వచనాలు బట్టీ పట్టినవాళ్లు లైన్లో చాలామంది ఉంటారు. ‘స్పెసిఫిసిటీ అంటే, పక్కనున్న పదార్థాలు అడ్డుపడకుండా కావాల్సినదాన్నే కొలవడం సార్. సుబ్బారావు గారి పద్ధతిలో కండరం శాంపిల్‌కు రంగు ఆలస్యంగా వచ్చింది, ఎందుకంటే...’ అని చెప్పగలిగే అభ్యర్థి ఎంతమంది ఉంటారు? ఎదుట కూర్చున్న మేనేజర్ ఒక క్షణం పెన్ను పక్కన పెట్టి వింటాడు. తర్వాతి ప్రశ్న మీకు వచ్చిన విషయం మీదే వేస్తాడు. ఫ్రెషర్‌కు అంతకంటే ఏం కావాలి?

అదే మేనేజర్ మీ రెజ్యూమెలో మూడు రోజుల్లో అచ్చయిన పేపర్ చూసి ‘ఇందులో మీరు చేసిందేంటి’ అని అడిగితే? కొన్న పేపర్ అక్కడే నోరు మూయిస్తుంది. ఖాళీ గడి ఎవరినీ అవమానించదు. డొల్ల గడి అవమానిస్తుంది.

పీర్ రివ్యూ అంటే తోటివాడి కన్ను

సాఫ్ట్‌వేర్ టీముల్లో కోడ్ రివ్యూ అని ఒకటుంది. మీరు రాసిన కోడ్‌ను ఇంకొకరు లైను లైనుగా చూసి ‘ఇది ఇక్కడ పగులుతుంది’ అని చెప్పాకే లోపలికి వెళ్తుంది. జర్నల్‌లో పీర్ రివ్యూ కూడా దాదాపు అంతే. పేపర్ ఎడిటర్‌కు వెళ్తుంది. పనికొస్తుందనిపిస్తే ఆయన అదే రంగంలోని ఇద్దరు ముగ్గురు నిపుణులకు పంపుతారు. సాధారణంగా వాళ్లకు దీనికి జీతం ఉండదు. ‘ఈ ప్రయోగం మళ్లీ చేయండి, ఈ మాటకు ఆధారం లేదు, ఈ స్పెక్ట్రం సరిపోవడం లేదు’ అని రాస్తారు. రచయితలు సరిదిద్ది పంపుతారు. వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. చాలా పేపర్లు వెనక్కి వస్తాయి. ఇది తప్పుపట్టలేని జల్లెడేం కాదు. దీన్ని దాటుకుని తప్పులూ వెళ్తాయి, మోసాలూ వెళ్తాయి. తర్వాత బయటపడితే పేపర్‌ను ఉపసంహరిస్తారు. అయినా చదివి ప్రశ్నించే కన్ను ఒకటి ఉందన్నదే దాని విలువ.

ఇప్పుడు చెప్పండి, మూడు రోజుల్లో ఇదంతా ఎవరు చేశారు?

మన దేశంలోనూ ఇలాంటి పాత జర్నళ్లు ఉన్నాయి. ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్ మొదటి అధ్యక్షుడిగా 1924లో ఇండియన్ కెమికల్ సొసైటీ ఏర్పడింది. దాని జర్నల్ కూడా ఆ ఏడాదే మొదలైంది. బెంగాల్ కెమికల్స్ కంపెనీ పెట్టింది కూడా ఆ రాయ్ గారే. ఫ్యాక్టరీ, జర్నల్ రెండూ ఒకే మనిషికి అవసరమనిపించాయి, గమనించండి. సీవీ రామన్ 1934లో బెంగళూరులో ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ స్థాపించి, అదే ఏడాది ‘ప్రొసీడింగ్స్’ మొదలుపెట్టారు. అందులోంచి కెమిస్ట్రీ విభాగం 1978లో విడిగా వచ్చింది. 2004 నుంచి దాని పేరు ‘జర్నల్ ఆఫ్ కెమికల్ సైన్సెస్’. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, తార్నాకలోని ఐఐసీటీ వంటి చోట్ల నుంచి మనవాళ్ల పేపర్లు కూడా అందులో కనిపిస్తాయి. అకాడమీ వెబ్‌సైట్‌లో వాటిని ఉచితంగా చదవచ్చు.

డబ్బు కడితే తప్ప తెరుచుకోని విదేశీ జర్నళ్ల కోసం కేంద్రం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం తెచ్చింది. 2024 నవంబరులో క్యాబినెట్ ఆమోదించింది, 2025 జనవరిలో మొదలైంది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు. 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 జర్నళ్లు. ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలు, కేంద్ర పరిశోధన సంస్థలు కలిపి 6,300కు పైగా దీని కిందికి వస్తాయి. మీది ప్రభుత్వ కాలేజీ అయితే రేపే లైబ్రేరియన్‌ను అడగండి, ‘సార్, మనకు యాక్సెస్ ఉందా’ అని. లేదంటే ఎందుకు లేదని అడగండి. ప్రైవేటు కాలేజీలను మొదటి దశలో బయటే ఉంచారు. గ్రామాల పిల్లల్లో ఎక్కువమంది చదివేది ఆ కాలేజీల్లోనే. ఇది సరికాదు. ప్రజల పన్నులతో కొన్న చందా చదువుకునే పిల్లలందరికీ అందాలి. ఈ డిమాండ్ మన విద్యార్థి సంఘాల నోట ఇంకా గట్టిగా వినిపించాలి.

మన జిల్లా నీళ్ల సంగతి

జర్నల్ ఉద్యోగం కోసమే కాదు. 2007లో ‘జర్నల్ ఆఫ్ హజార్డస్ మెటీరియల్స్’లో ఒక పేపర్ వచ్చింది. స్వీడన్‌కు చెందిన లార్సన్, మరో ఇద్దరు రాశారు. అందులోని శాంపిల్ మన పటాన్‌చెరుది. దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థ జలాలను శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికొస్తున్న నీళ్లను పరీక్షించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని తేలింది. ఆ మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండే మోతాదు కంటే ఎక్కువ అది. నక్కవాగు పక్క రైతులు అంతకు ఏళ్ల ముందు నుంచే నీళ్లు పాడయ్యాయని మొత్తుకుంటున్నారు. ఆ బాధకు ఒక అంకె దొరికాక ప్రపంచం వినక తప్పలేదు. యాంటీబయాటిక్ కాలుష్యం గురించి ఎక్కడ చర్చ జరిగినా ఈ పేపర్ పేరు వస్తుంది.

ఇవాళ మన ఝరాసంగం, న్యాల్‌కల్ మండలాల భూముల్లోనే ‘నిమ్జ్’ పారిశ్రామిక మండలి వస్తోంది. పరిశ్రమలొస్తే ఉద్యోగాలొస్తాయని ఒకరు, నీళ్లు పోతాయని ఒకరు అంటారు. రెండు మాటలూ గాలిలో కొట్టుకోకుండా ఉండాలంటే, కొలతలు చదవగలిగినవాళ్లు ఊళ్లో నలుగురైనా ఉండాలి. రేపు ఆ కంపెనీలో పనిచేసేది మీరే, ఆ బోరు నీళ్లు తాగేదీ మీరే. స్వీడన్ నుంచి ఎవరో వచ్చి కొలిచేదాకా ఆగాలా?

నకిలీని పట్టేదెలా?

ముందొక మాట. డబ్బు అడిగిన ప్రతి జర్నల్ నకిలీ కాదు. ఉచితంగా చదివించే మంచి జర్నళ్లు కూడా రచయితల దగ్గర రుసుము తీసుకుంటాయి. కానీ రివ్యూ జరిగి పేపర్ అంగీకరించాక తీసుకుంటాయి, అదెంతో ముందే వెబ్‌సైట్‌లో పెడతాయి. అనుమానించాల్సిన లక్షణాలు ఇవి:

* రివ్యూకు ముందే ఫీజు అడగడం. ఎన్ని రోజుల్లో అచ్చేస్తామో గ్యారంటీ ఇవ్వడం.
* కెమిస్ట్రీ, సివిల్ ఇంజినీరింగ్, కామర్స్, సాహిత్యం అన్నీ ఒకే జర్నల్‌లో వేయడం.
* ఎడిటర్ల పేర్లు వాళ్ల సొంత యూనివర్సిటీ పేజీల్లో ఎక్కడా కనిపించకపోవడం.
* పేరున్న పాత జర్నల్ పేరునే కొద్దిగా మార్చి పెట్టుకోవడం. ఒక్కోసారి అదే పేరుతో దొంగ వెబ్‌సైట్ నడపడం.
* ‘యూజీసీ కేర్ ఆమోదం’ అని ఇంకా ప్రచారం చేసుకోవడం. ఆ జాబితాను యూజీసీ ఎత్తేసిందని 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది. జర్నల్‌ను ఎంచుకునే పూచీ ఇప్పుడు సంస్థలది, రచయితలది.

ఏఐ టూల్స్ వాడేవాళ్లకు ఇంకో జాగ్రత్త. అడిగితే అవి లేని పేపర్లకు కూడా పేర్లు, సంపుటాలు, పేజీలు కల్పించి చెప్పగలవు. పేరున్న జర్నళ్లలోని చాలా పేపర్లకు డీఓఐ అనే శాశ్వత నంబరు ఉంటుంది. పాతవాటిలో చాలావాటికి కూడా తర్వాత ఇచ్చారు. ఆ నంబరు కొట్టి అసలు పేజీ తెరుచుకుంటేనే నమ్మండి.

నెలకొకటి చాలు

ఇంగ్లిష్ చూసి భయపడొద్దు. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు మొదటి పేపర్ రాయిలా ఉంటుంది, నిజమే. కానీ పేపర్‌ను నవలలా మొదటి నుంచి చివరిదాకా చదవక్కర్లేదు. ముందు పేరు, సారాంశం చదవండి. తర్వాత బొమ్మలు, పట్టికలు చూడండి. ఆ తర్వాత ప్రయోగ విధానం. అక్కడ మీకు తెలిసిన మాటలు ఎన్నో కనిపిస్తాయి. టైట్రేషన్, రిఫ్లక్స్, ఫిల్టర్, టీఎల్సీ. మీరు ల్యాబ్‌లో చేసినవే. ఉపోద్ఘాతం ఆఖర్న చదివినా నష్టం లేదు.

చదివాక నోట్‌బుక్‌లో అయిదు ప్రశ్నలకు తెలుగులోనే జవాబు రాయండి. వీళ్లు తేల్చాలనుకున్నదేంటి? ఎలా కొలిచారు? ఏం వచ్చింది? ఎక్కడ తేడా రావచ్చు? మా కాలేజీ ల్యాబ్‌లో ఇందులో ఎంతవరకు చేయగలం? ఆదివారం నలుగురు ఫ్రెండ్స్ కూర్చుని ఒకరు చెప్పండి, ముగ్గురు అడ్డు ప్రశ్నలు వేయండి. అదే మీ పీర్ రివ్యూ. నెలకు ఒకటి చొప్పున ఫైనలియర్ అయ్యేలోపు పది పన్నెండు పేపర్లవుతాయి. రెజ్యూమెలో ‘పబ్లికేషన్స్’ గడి తీసేసి, మీరు లోతుగా చదివిన రెండు పద్ధతుల పేర్లు రాయండి. దాని మీద ఎన్ని ప్రశ్నలడిగినా తట్టుకుంటారు.

కాలేజీ ప్రిన్సిపాళ్లకు, లెక్చరర్లకు కూడా ఒక విన్నపం. ప్రాజెక్టు మార్కులకు పబ్లికేషన్ సర్టిఫికెట్ తెమ్మని పిల్లల్ని ఒత్తిడి చేయకండి. ఆ ఒత్తిడే ఈ క్యూఆర్ కోడ్‌లకు గిరాకీ. దాని బదులు ప్రాజెక్టు వైవాలో ‘నువ్వు చదివిన ఒక పేపర్ చెప్పు’ అని ఒక ప్రశ్న పెట్టండి. ఖర్చు లేదు, మోసానికి తావు లేదు.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే ఇవాళ రాత్రే జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ సైట్‌లో 1925, 66వ సంపుటం, 375వ పేజీ వెతకండి. రచయితల వరుసలో రెండో పేరు చూడండి. ఆ తర్వాత నేరుగా ప్రయోగ విధానానికి వెళ్లి, అందులోని రియేజెంట్లలో మీ కాలేజీ ల్యాబ్ బీరువాలో ఎన్నున్నాయో లెక్క పెట్టండి.